పిచ్చుక కోసం ఉపవాసం

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్ళు ఎక్కువ. పన్నెండేళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, సంఘంలో చిన్నాపెద్దా అందరిచేతా టీచరమ్మా అని పిలిపించుకున్నదాన్ని ఇలా ఒప్పుకోవడం ఏం బాగుంటుంది? కానీ ఒప్పుకోకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు.

పరాయి దేశం వెళ్ళి సేవ చేయాలని నాకు ఇరవై రెండో ఏటే అనిపించింది. మా సంఘంలో దాన్ని భారం అంటారు. ఆ భారాన్ని నేను పన్నెండేళ్ళు మోశాను. ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుంటే నేను వంటింట్లో పీట వేసుకుని అక్కడి భాష పుస్తకం బట్టీపట్టాను. ఇరవై నాలుగు బైబిలు పాఠాలకి బొమ్మలు కత్తిరించి, బోర్డు మీద నిలబడేలా వాటి వెనక గరుకు గుడ్డ అంటించాను. చివరికి ఒక కబురు వచ్చింది. మూడు నెలల స్వచ్ఛంద సేవ, ఇద్దరు ఆడవాళ్ళు కావాలి. నేనూ, మా సంఘంలో నర్సుగా పనిచేసే ఆవిడా వెళ్ళాలని తీర్మానమైంది. ప్రయాణం నెల ఉందనగా ఆ నర్సు బాత్రూంలో జారి కాలు విరగ్గొట్టుకుంది. అంత తక్కువ వ్యవధిలో పాస్‌పోర్టు చేతిలో ఉన్న ఆడమనిషి సంఘం మొత్తానికి ఇంకొకతే తేలింది. అది మా పిన్ని కూతురు.

దానికి ఇరవై మూడేళ్ళు. మాటలు వచ్చినప్పటి నుంచి నోరు మూసింది లేదు కాబట్టి ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. దానికి పాస్‌పోర్టు ఎందుకున్నట్టు? స్నేహితురాలు ఫోటో దిగుతుంటే తోడు వెళ్ళి తనూ దిగిందట, ఫోటో బాగా వచ్చిందని పాస్‌పోర్టుకి పెట్టేసిందట. "వెళ్తావా అమ్మా?" అని పాస్టరయ్యగారు అడిగితే, "అక్క వెళ్తోందిగా, నేనూ వెళ్తానండి" అంది. పన్నెండేళ్ళ నా భారం ముందు దాని భారం ఆ ఒక్క ముక్క.

మేం చేరింది మిషన్ వాళ్ళు నడిపే వృద్ధుల ఇల్లు. మూడంతస్తులు, పొడుగాటి వరండాలు, వరండాలకి రెండు పక్కలా పట్టుకుని నడవడానికి చెక్క కమ్మీలు. తలుపు తీయగానే సబ్బు వాసన, ఉడికిన కూరల వాసన, వాటి కింద నుంచి ఉచ్చ వాసన. ఇరవై ఆరు మంది ముసలివాళ్ళు. వాళ్ళందరికీ పైన ఒక వార్డెన్. నడుముకి తాళాల గుత్తి, కాళ్ళకి చప్పుడు చేయని చెప్పులు, అవసరానికి మించి ఒక్క మాట ఉండదు.

మొదటి రోజే నేను నా పాఠాల పెట్టె తెరిచి ఆవిడకి ఒక్కో బొమ్మా చూపించాను. ఆవిడ ఓపిగ్గా అన్నీ చూసింది.

"చాలా కష్టపడ్డావు. కానీ మా ఇరవై ఆరు మందిలో ముగ్గురు రిటైరైన పాస్టర్లు" అంది.

ఆ తర్వాత నన్ను మెట్లు దింపి లాండ్రీ గదికి తీసుకెళ్ళింది.

నాకు అప్పగించిన సేవ అది. రెండు వాషింగ్ మెషిన్లు, ఒక ఆరబెట్టే మెషిను, ఇస్త్రీ బల్ల, గోడ నిండా అరలు. ప్రతి దుప్పటి మూలనా చెరగని సిరాతో గది నంబరు ఉంటుంది. తడిపిన పక్కబట్టలు వేరు, మరకలవి వేరు, వాంతులవి వేరు. రెండో మెషిను నీళ్ళు పిండేటప్పుడు ఊగిపోతూ గోడదాకా నడిచి వెళ్ళిపోతుంది, దాన్ని తుంటితో అడ్డుకుని నిలబడాలి. పరాయి దేశంలో దేవుని సేవంటే నా కళ్ళ ముందు ఏవేవో దృశ్యాలు మెదిలేవి. వాటిలో ఎక్కడా నేను మెషిన్ని తుంటితో ఆపుతూ లేను.

పిచ్చుకకి ఏ అనుభవమూ లేదు కాబట్టి దాన్ని పైన వేశారు. భోజనాల హాల్లో వడ్డించడం, చేతులు వణికేవాళ్ళకి తినిపించడం, గదులకి వెళ్ళి పలకరించడం. నీకేమీ రాదు కాబట్టి నువ్వు మనుషుల దగ్గర ఉండు, నీకన్నీ వచ్చు కాబట్టి నువ్వు బట్టల దగ్గర ఉండు అన్నట్టుంది ఆ ఏర్పాటు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి మాత్రం చిరునవ్వుతో "ఏ పనైనా ప్రభువుదేనండి" అన్నాను. అలాంటి మాటలు నాకు తడుముకోకుండా వస్తాయి.

పిచ్చుకకి అక్కడి భాష ఒక్క ముక్క రాదు. మొదటి భోజనానికే గరిటె పైకెత్తి, కళ్ళెగరేసి, దీన్నేమంటారన్నట్టు చూసింది. నలుగురు ఒకేసారి జవాబు చెప్పారు. ఆ మాటని అది తప్పుగా పలికితే హాలంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ ముసలివాళ్ళకి అదొక ఉద్యోగం అయిపోయింది. ఒకరు దానికి వారాల పేర్లు నేర్పుతారు, ఇంకొకరు కూరగాయలు నేర్పుతారు, రిటైరైన పాస్టర్లలో ఒకాయన తిట్లు నేర్పాడు. నేను మాట్లాడితే ఒక్క తప్పుండదు. "నమస్కారమండీ, రాత్రి బాగా నిద్రపట్టిందా?" అని పూర్తి వాక్యంలో అడుగుతాను. వాళ్ళూ నాకు పూర్తి వాక్యంలో జవాబిచ్చి, ధన్యవాదాలు చెప్పి కిటికీ వైపు తిరిగేవాళ్ళు. బ్యాంకు గుమాస్తాతో కూడా మనుషులు ఇంకాస్త చనువుగా ఉంటారు.

పదకొండో నంబరు గదిలో ఒక దర్జీ తాత ఉండేవాడు. చేయి ఆడినన్నాళ్ళూ కోట్లు కుట్టిన మనిషి. రెండేళ్ళుగా గది దాటి బయటికి రాలేదట, భోజనం కూడా గదికే. వార్డెన్ బతిమాలింది, డాక్టరు కోప్పడ్డాడు, ఆయన కదల్లేదు. ఒకరోజు పిచ్చుక భోజనం పట్టుకెళ్తే దాని కమీజు పక్క కుట్టు తలుపు గడియకి తగులుకుని చిరిగింది. అది అక్కడే ఆయన సూదీదారం అడిగి, దుప్పటి చుట్టుకుని కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. దాని కుట్టు నాకు తెలుసు, గోనె సంచులు కుట్టేవాళ్ళు కూడా సిగ్గుపడతారు. ఆయన కాసేపు చూసి, ఇక చూడలేక చేతిలోంచి లాక్కున్నాడట. మర్నాడు ఆ కుట్టు నిలిచిందో లేదో చూడటానికి కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఇల్లంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి రోజూ వస్తున్నాడు.

నేనూ ఊరుకోలేదు. ఆయన దుప్పటి అంచు చిరిగితే ఎంతో శుభ్రంగా కుట్టి, కావాలనే తీసుకెళ్ళి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. "బాగుంది" అన్నాడు. అంతే, తిరిగి ఇచ్చేశాడు. ఒక్క తప్పున్నా ఆయన ఇంకో రెండు మాటలు మాట్లాడేవాడేమో.

నెల తిరిగేసరికి పిచ్చుక ఆ ఇంట్లో అందరికీ తలలో నాలుకైంది. నేను మెట్ల కింద నుంచి దాని నవ్వు వింటూ దుప్పట్లు మడిచేదాన్ని. దాని మీద నాకు ప్రేమ లేదని కాదు. చిన్నప్పుడు దానికి జడలు వేసింది నేనే. కానీ దాని నవ్వు వినబడినప్పుడల్లా నా చేతిలో దుప్పటి మడత వంకర పోయేది.

రోజూ పడుకోబోయే ముందు అది నాకు ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది. ఎవరు నవ్వారో, ఎవరు చెయ్యి పట్టుకుని వదల్లేదో. "నువ్వు కూడా పైకి రా అక్కా, నీకు భాష వచ్చుగా, వాళ్ళ చిన్నప్పటి కథలు అడుగు" అనేది. మంచి మనసుతోనే అనేది. నాకది పుండు మీద కారంలా ఉండేది.

ఏడో వారంలో వార్డెన్ మా ఇద్దర్నీ ఆఫీసు గదికి పిలిచింది. మూడు నెలలయ్యాక ఒకరిని రెండేళ్ళపాటు ఉంచుకోవడానికి తనకి వీలుందని చెప్పింది. ఒక గది, ఒకరికే అనుమతి. ఎవరన్నది మా సంఘం ఉత్తరం రాసి తేల్చాలి.

"నా మటుకు ఇద్దరూ మంచి పనివాళ్ళే" అంది. అని, పిచ్చుక వైపు చూసి నవ్వింది. ఏడు వారాల్లో ఆవిడ పళ్ళు నేను చూడటం అదే మొదటిసారి.

నాకు ఆ రెండేళ్ళు కావాలి. దానికి తర్వాత కూడా ఎన్నో వస్తాయి, ఇరవై మూడేళ్ళది. నాకు ముప్ఫై నాలుగు. వెనక్కి వెళితే మళ్ళీ ఆ సండే స్కూలు, ఆ వంటింటి పీట. సంఘం దాన్ని పంపుతుందో నన్ను పంపుతుందో అన్న ఆలోచనతో ఆ వారమంతా నాకు తిండి సహించలేదు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక ఉంటుంది. ఎవరికి ఏ కష్టమున్నా ప్రార్థన మనవి అని చిన్న చీటీ పంపితే, పాస్టరమ్మగారు అందరి ముందూ చదువుతారు, అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. మా సంఘంలో చాడీలు చెప్పడం పెద్ద తప్పు. కానీ చెప్పదలుచుకున్నదంతా చెప్పేసి చివర్లో "ఆమె కోసం ప్రార్థించండి" అని కలిపితే అది చాడీ కాదు, భారం. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరి మొగుడు మళ్ళీ తాగుతున్నాడో మాకు తెలిసేది ఈ చీటీల్లోంచే. మేం ఇక్కడికి వచ్చాక ప్రతి బుధవారం ఇద్దరి తరఫునా నేనే ఫోన్లో మనవి పంపేదాన్ని. పిచ్చుకకి రాయడం బద్ధకం.

ఆ బుధవారం ఇలా రాశాను.

"చెల్లి కోసం ప్రత్యేకంగా ప్రార్థించండి. ఇంటి మీద బెంగ పెట్టుకుంది. అందరి ముందూ నవ్వుతూనే ఉంటుంది కానీ పైకి చెప్పుకోదు, లోపల నలిగిపోతోంది. తనకి ఇక్కడ ఎవరూ లేరన్న బాధ. అడిగితే ఒప్పుకోదు, సిగ్గుపడుతుంది. అందుకని దయచేసి తనని ఎవరూ అడగొద్దు, ప్రార్థన మాత్రం చేయండి."

పూర్తిగా అబద్ధమని అనలేను, అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఒకరోజు ఫోన్లో పిన్ని గొంతు విని అది కళ్ళు తుడుచుకుంది. గోరంత నిజానికి కొండంత చేర్పు. తనని అడగొద్దు అన్న మాట మాత్రం బాగా ఆలోచించే రాశాను.

వాళ్ళు ఎంత మంచివాళ్ళో నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒక కన్నీటి ప్రార్థన చేసి, పాపం ఆ పిల్ల ఉండలేదులే అనుకుని, ఉత్తరంలో నా పేరు రాస్తారనుకున్నాను. సోమవారం పొద్దున పాస్టరయ్యగారి ఫోను వచ్చింది. మెషిన్లు ఆపి మెట్ల మీదకి వచ్చి మాట్లాడాను.

"టీచరమ్మా, నీ మనవి చదివాక సంఘమంతా కదిలిపోయిందమ్మా. శుక్ర, శని, ఆదివారాలు ఉపవాస ప్రార్థన పెట్టాం. నూటముప్ఫై మంది కూర్చున్నారు. బిడ్డని ఇంక కష్టపెట్టొద్దు, వెంటనే వెనక్కి పిలిపించాలని ప్రభువు నుంచి అందరికీ ఒకే నడిపింపు వచ్చింది. వచ్చే సోమవారానికి టిక్కెట్టు చూస్తున్నాం. నువ్వు అక్కడే ఉండు."

నాకు కావలసింది అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది. గుండె దడదడా కొట్టుకుంది. అది సంతోషమనే అనుకున్నాను.

"మీ అమ్మగారి సంగతి చెప్పాలమ్మా" అన్నారాయన. "సుగరు ఉంది, వద్దమ్మా అంటే వినలేదు. మూడు రోజులూ మంచినీళ్ళతోనే ఉన్నారు. రెండో రోజు కళ్ళు తిరిగి గోడకి జారగిలబడిపోయారు. పక్కవాళ్ళు నీళ్ళు చల్లి లేపితే మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అంత ప్రార్థన నేను ఈమధ్య చూడలేదు."

ఇది వినగానే ఏ కూతురికైనా ఏమనిపించాలి? నాకేమనిపించిందో చెప్తాను. మా అమ్మ దాని కోసం పస్తు ఉందా, అనిపించింది. ఆరేళ్ళ కిందట నిశ్చయమైన నా పెళ్ళి తప్పిపోతే ఆవిడ ఒక్క పూట టీ మానలేదు. "పోన్లే, దేవుడు ఇంకోటి చూస్తాడు" అని వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంది. కన్నకూతురికి లేని పస్తు చెల్లెలి కూతురికా! మెట్ల మీద నిలబడి ఒళ్ళంతా మండిపోతుంటే, నేను చేసిన పని నాకు గుర్తు కూడా రాలేదు.

"నువ్వు అడగొద్దన్నావు కదా, నీ పేరు నేను ఎత్తనులే. ఫోను బిడ్డకి ఇవ్వు" అన్నారు అయ్యగారు.

పిచ్చుకకి ఫోనిచ్చి పక్కనే నిలబడ్డాను. ఆయన ఎంతో మెత్తగా చెప్పారు. "నువ్వు ఎవరికీ చెప్పుకోలేని బాధని ప్రభువు సంఘానికి బయలుపరిచాడమ్మా. భయపడకు. ఇంటికి వచ్చెయ్."

అది "అయ్యగారూ, నాకేం..." అని ఆగింది. తర్వాత "సరేనండి" అంది. ఫోను నా చేతిలో పెట్టి మా గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. నేనూ వెళ్ళాను.

"అక్కా, నేను బాధపడుతున్నట్టు నీకెప్పుడైనా అనిపించిందా?"

నేను దిండు గలీబు సరిచేశాను.

"నాకు బాగానే ఉందక్కా. బాగానే ఉందనుకున్నా. కానీ అంతమంది మూడు రోజులు తినకుండా కూర్చుంటే, అందరికీ అదే తెలిసిందంటే... నాలో ఏదో ఉండే ఉంటుంది కదా. నాకే తెలీట్లేదేమో."

"దేవుని చిత్తం అలా ఉందేమోనే" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి మెట్ల కిందకి నవ్వు వినబడలేదు. మొదటి రోజు అది నాకు హాయిగానే ఉంది, దాచను. రెండో రోజు ఉతికిన బట్టలు పంచడానికి పైకి వెళ్ళాను. పిచ్చుక భోజనాలు వడ్డిస్తోంది. ఒకావిడ ఏదో పరాచికమాడితే నవ్వబోయి, మధ్యలో ఆపేసి, ఆ నవ్వు నిజమైనదో కాదో చూసుకుంటున్నట్టు నిలబడిపోయింది. చేతిలో గిన్నె అలాగే ఉంది. వరండాలో దర్జీ తాత కర్ర అడ్డం పెట్టి నన్ను ఆపాడు.

"ఆ పిల్లకి ఏమైంది?"

ఆ పెద్దమనిషి తనంతట తాను నన్ను పలకరించడం అదే మొదలు. అదీ దాని గురించే. "ఇంటి మీద బెంగ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నలభై ఏళ్ళు మనుషుల కొలతలు తీసుకున్నాను. దిగులున్న మనిషి భుజాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పోయిన వారం దాకా లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం గదికి వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. పిచ్చుక మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. అది గట్టిగానే ప్రార్థిస్తుంది, మనసులో చేసుకోవడం దానికి చేతకాదు.

"ప్రభువా, అందరికీ చూపించావు, నాక్కూడా చూపించు. నాలో ఉన్న ఏడుపు ఎక్కడుందో చూపించు. నేను అబద్ధంగా నవ్వుతుంటే ఆపెయ్."

అని, ఏడవడానికి ప్రయత్నం చేసింది. రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ ప్రయత్నించింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. దాని చోటు తీసుకోవాలనుకున్నాను కానీ, దాని మనసు మీద దానికే నమ్మకం లేకుండా చేయాలని నేననుకోలేదు. అనుకోకపోతే మాత్రం ఏమైంది, చేసింది నేనేగా.

లోపలికి వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. వరండా చివరిదాకా నడిచి, తిరిగి నడిచి, మళ్ళీ నడిచాను. చెప్పింది మర్నాడు, గురువారం పొద్దున. అది పైనుంచి మాసిన దుప్పట్ల బుట్ట తెచ్చి లాండ్రీ గదిలో దించుతుంటే చెప్పాను. మెషిన్ల చప్పుడులో చెబితే కాస్త తేలికని అప్పటిదాకా ఆగాను. తీరా నోరు తెరిచేసరికి రెండూ ఆగిపోయి గది నిశ్శబ్దమైపోయింది.

"దేవుడేం బయలుపరచలేదే. నేను రాశాను. మనవిలో."

అది బుట్ట మీద వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"ఏం రాశావు?"

ఫోను తీసి చూపించాను. చదివింది. పైనుంచి కిందకి రెండుసార్లు చదివింది.

"అయితే నేను బాగానే ఉన్నానా?" అంది.

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. మొదట అడిగింది ఇది. నేను తలూపగానే మాసిన బట్టల కుప్పలో కూర్చుండిపోయి, ఈసారి నిజంగానే ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే ఒక తడి దుప్పటి తీసి నా మొహం మీదకి విసిరింది.

"రాకు! నా దగ్గరికి రాకు. మూడు రోజుల నుంచి నాకు పిచ్చెక్కిందేమోనని చస్తున్నానక్కా నేను! ఎందుకు రాశావు?"

"నువ్వు వెళ్ళిపోతే నన్ను ఉంచుతారని."

"నన్ను అడగొచ్చుగా? ఉండాలనుందే, నువ్వు వెళ్ళిపో అని అడగొచ్చుగా? ఇచ్చేసేదాన్ని."

అది నిజంగానే ఇచ్చేసేది. అందుకే అడగలేదు. దాని చేతి మీదుగా తీసుకోవడం నాకిష్టం లేదు. ఈ మాట దానికి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. క్షమించమని అడిగాను.

"నాకు చెప్పేసి చేతులు దులుపుకుందామనా?" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఎక్కడ చదివించావో అక్కడ చెప్పు. ఇవాళ గురువారమేగా. చెయ్ ఫోను."

మాకు పొద్దుటి వేళ అక్కడ మధ్యాహ్నం. పాస్టరమ్మగారు ఎత్తారు. కూడికలో ఒక మాట చెప్పాలన్నాను. "సాక్ష్యమా తల్లీ? ఉండు, అందరికీ వినబడేలా పెడతా" అని సంబరంగా స్పీకరు పెట్టారు. ఇక్కడ పిచ్చుక కూడా నా ఫోను లాక్కుని స్పీకరు నొక్కి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. అవతల ఫ్యాను చప్పుడు, ఎవరివో గాజుల చప్పుడు వినబడుతున్నాయి. పన్నెండేళ్ళు ఆ గదిలో నిలబడి నీతులు చెప్పాను.

"పోయిన వారం నేను పంపిన మనవి అబద్ధం" అన్నాను. "చెల్లికి ఏ బెంగా లేదు. ఇక్కడ అందరికీ అదంటేనే ఇష్టం. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు. అది వెళ్ళిపోతే ఆ చోటు నాకు దొరుకుతుందని కుళ్ళుకుని రాశాను. మీ అందరిచేతా పస్తు పెట్టించాను. నన్ను క్షమించండి."

ఎవరో "ప్రభువా" అని గొణిగారు. పాస్టరమ్మగారు గొంతు సర్దుకున్నారు. "అయ్యగారితో నేను చెప్తాను. టిక్కెట్టు ఆపిస్తాను. బిడ్డ అక్కడే ఉంటుంది" అన్నారు. నా గురించి ఏమీ అనలేదు. అనకపోవడమే చాలా గట్టిగా వినబడింది.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఇటివ్వండమ్మా" అన్న మాట వినబడింది. మా అమ్మ.

"ఏమే."

"అమ్మా."

"దానికి బెంగేంటే? దాన్ని ఏ ఇంట్లో పడుకోబెట్టినా కాళ్ళు చాపుకుని నిద్రపోయే రకం అది. ఆ చీటీ చదువుతుంటేనే అనుకున్నా. పైకి చెప్పుకోదు, లోపల నలిగిపోతోంది, అక్కడ ఎవరూ లేరన్న బాధ... ఇది ఎవరి సంగతో నాకు తెలీదా? అందరూ దాని పేరు పెట్టి ప్రార్థించారు. నేను మూడు రోజులూ నీ పేరే పెట్టాను."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. పెళ్ళి తప్పిపోయిన రోజు వెల్లుల్లి ఒలుస్తూ ఆవిడ ఎవరి పేరు అనుకుందో నేనెప్పుడూ అడగలేదు.

"వింటున్నావా?" అంది అమ్మ. గొంతు నీరసంగా ఉంది.

బల్లకి అవతల పిచ్చుక నా మీద కోపంతో ఇంకా అటు తిరిగే నిలబడి ఉంది. అలా అటు తిరిగే ఫోను మీదకి వంగింది.

"పెద్దమ్మా, ఆ రోజు కళ్ళు తిరిగాయంట కదా. సుగరు చూపించుకున్నావా? ఇప్పుడెలా ఉంది?"

మా అమ్మ పడిపోయిందని నాకు సోమవారం నుంచి తెలుసు. పిచ్చుకకి నా ఫోనులోంచి అయ్యగారి గొంతు మెట్ల మీద వినబడిందో, ఎవరు చెప్పారో తెలీదు. ఈ నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న నాకొక్కసారి కూడా తోచలేదు. కూతుర్ని నేను. అడిగింది అది.